కొండల మీదుగా పెట్రోలు, కడలి అడుగున పెట్రోలు

ఖరగ్‌పూర్‌లోని ఇందా వీధుల్లో తెలుగు వినబడితే ఎవరూ తల తిప్పి చూడరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చిన కుటుంబాలు ఈ ఊళ్లో తరాలుగా ఉంటున్నాయి. ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే వర్క్‌షాపు, పొడవాటి ప్లాట్‌ఫారం, ఐఐటీ గుర్తొస్తాయి. 1944లో దీని చుట్టూ సాగిన యుద్ధాన్ని మాత్రం దాదాపు మరిచిపోయాం.

ఇందా నుంచి పట్టాలు దాటి అవతలికి వెళితే హిజ్లీ. 1931లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా పోలీసు కాల్పులకు బలైన నిర్బంధ శిబిరం అదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా 20వ బాంబర్ కమాండ్ అక్కడ మకాం పెట్టింది. 1951లో ఐఐటీ మొదలైందీ ఆ భవనంలోనే. ఈ ప్రాంతంలో ఆ కమాండ్ బి-29 బాంబర్లకు రన్‌వేలు వేశారు: ఖరగ్‌పూర్, చాకులియా, పియార్‌డోబా, దూద్‌కుండీ.

ఆ విమానాలు చైనాలోని చెంగ్డూలో ఆగి జపాన్ మీదికి పోవాలి. చెంగ్డూలో పెట్రోలు లేదు. బర్మా రోడ్డు 1942లోనే మూతపడింది. దాంతో బాంబర్లే హిమాలయాల మీదుగా పెట్రోలు మోశాయి. జపాన్‌పై ఒక్క దాడికి ముందు అలాంటి ట్రిప్పులు ఎన్నో వేయాల్సి వచ్చేది.

అవతలి పక్షం అవస్థ ఇంకా ఘోరం. జపాన్ నౌకాదళం ఐ-351 అనే జలాంతర్గామిని నడిసముద్రంలో సీప్లేన్లకు పెట్రోలు, బాంబులు, మంచినీళ్లు అందించడానికి రూపొందించింది. పొడవు 111 మీటర్లు. మునిగినప్పుడు 4,290 టన్నులు. ఆలోచన గొప్పదే, కానీ 1945 జనవరిలో అది నౌకాదళంలో చేరేసరికి ఆ సీప్లేన్ల యుద్ధమే ముగిసిపోయింది. చమురు ఓడలు వరసగా మునిగిపోతుంటే, దీన్ని సింగపూర్ నుంచి విమానాల పెట్రోలు తేవడానికి పంపారు. ఖరగ్‌పూర్ బి-29లు 1944 నవంబరులో రానుపోను ఆరు వేల కిలోమీటర్లు ఎగిరి డాక్ మీద, 1945 మార్చిలో చమురు నిల్వల మీద బాంబులు వేసింది ఆ సింగపూర్‌లోనే.

ఒక విడతకు అది తెచ్చేది సుమారు అయిదు లక్షల లీటర్లు. రైల్వేవాళ్ల లెక్కలో పాతకాలపు ట్యాంకు వ్యాగన్లు ఇరవై, పాతిక. ఒక దేశపు వైమానిక యుద్ధం ఆ పాతిక వ్యాగన్ల మీద ఆశ పెట్టుకుందంటే, ఓటమి అప్పటికే ఖాయమైందని నా అభిప్రాయం. మొదటి విడత సరుకు జూన్‌లో జపాన్ చేరింది. అదే నెలలో దాని జంట ఐ-352, ఇంకా కడుతుండగానే, జపాన్‌లోని కురేలో బి-29ల బాంబులకు నాశనమైంది. జులై మధ్యలో, రెండో విడత పెట్రోలుతో తిరిగొస్తున్న ఐ-351ను దక్షిణ చైనా సముద్రంలో అమెరికా జలాంతర్గామి బ్లూఫిష్ టార్పెడోలతో ముంచింది. వందమందికి పైగా పోయారు. ముగ్గురు బతికారు.

ఖరగ్‌పూర్ రన్‌వేల మీద ఆ విమానాల రొద చిన్నప్పుడు విన్నవాళ్లకు ఇప్పుడు ఎనభై అయిదు దాటి ఉంటాయి. ఇందాలో మీ ఇంట్లో అలాంటి తాతయ్యో, అమ్మమ్మో ఉంటే పక్కన కూర్చోండి. వాళ్లు చెప్పింది తెలుగులో రాసి పెట్టండి.