నీళ్ళ కోసం వచ్చిన గ్రహాంతరవాసులు

ఆకాశం నుంచి దిగివచ్చి భూమిని ఆక్రమించే గ్రహాంతరవాసుల కథలు మీరు సినిమాల్లోనో టీవీలోనో చూసే ఉంటారు. అలాంటి కథ ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ కుంటుపడుతుంది? ఈవేళ ఒక ఉదాహరణ తీసుకుని ఆలోచిద్దాం. అమెరికాలో ఎన్‌బీసీ సంస్థ ప్రసారం చేసిన 'వి' అనే ధారావాహికే ఆ ఉదాహరణ.

1983 మే నెలలో అది రెండు రాత్రులు ప్రసారమైంది. రచయిత, దర్శకుడు కెన్నెత్ జాన్సన్. యాభై పెద్ద అంతరిక్ష నౌకలు మహానగరాల మీద వచ్చి నిలుస్తాయి. వచ్చినవాళ్ళు మనుషుల్లాగే ఉంటారు, స్నేహం కోరి వచ్చామంటారు. కాని ఆ చర్మం తొడుగు మాత్రమే, లోపల ఉన్నవి సరీసృపాలు. మన నీళ్ళు దోచుకోవాలి, మనుషుల్ని ఆహారంగా పట్టుకుపోవాలి, ఇదీ వాళ్ళ పన్నాగం.

ఇందులో బలమైన పాత్ర ఎవరో తెలుసా? డేనియల్ అనే కుర్రవాడు. పరాయివాళ్ళు ఇచ్చిన యూనిఫారం వేసుకుని పెద్దవాడినయ్యానని మురిసిపోతాడు. నాజీల అత్యాచారాలు చూసి బతికి బయటపడ్డ వాళ్ళ తాత, ప్రాణభయంతో వచ్చిన ఒక శాస్త్రవేత్త కుటుంబానికి తమ ఇంట్లోనే చోటిప్పిస్తాడు. మనవడు ఆ సంగతి పైవాళ్ళకు చేరవేస్తాడు. నౌకలు కల్పన కావచ్చు, ఆ కుర్రవాడు మాత్రం కల్పన అనిపించడు.

ఇక లోపాల సంగతి. ఈ కథ నేను మా తరగతిలో చెప్పాను. మాది కోలారు జిల్లా. వెయ్యి అడుగులు దాటి బోరు వేసినా నీళ్ళు పడతాయన్న నమ్మకం లేని చోటు. నీళ్ళ కోసం దండెత్తడం మా పిల్లలకు వింతగా తోచదనుకున్నాను. కాని వెనక బెంచీ కుర్రవాడు లేచి, "ఇంత దూరం వచ్చినోళ్ళకు దోవలో ఎక్కడా నీళ్ళు దొరకలేదా సార్?" అన్నాడు. సరైన ప్రశ్న. గురుగ్రహపు చందమామ యూరోపా పైభాగమంతా మంచుగడ్డే. శనిగ్రహపు వలయాల్లో ఎక్కువ భాగం నీటి మంచే. అడ్డుకునేవాళ్ళు లేనిచోట దొరికేదాని కోసం యుద్ధానికి ఎవరు వస్తారు? మనుషులే వాళ్ళకు కావాలన్న కారణం ఒక్కటే ఉంచి ఉంటే కథ నిలిచేది.

రెండో భాగం 1984 మేలో మూడు రాత్రులు వచ్చింది. అప్పటికి జాన్సన్ తప్పుకున్నారు. ఇందులో ఒక మానవ బాలికకు, ఆ సరీసృప జాతివాడికి సంతానం కలుగుతుంది. దగ్గరి చుట్టాలైన గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదే సాధారణంగా గొడ్డుపోతుంది. మరి బల్లి జాతికీ మనిషికీ బిడ్డ ఎలా? అదీ పోనివ్వండి. చివర భూమినే పేల్చేసే యంత్రాన్ని ఆ చిన్నబిడ్డ ఏదో మహిమతో ఆపేస్తుంది. తిరుగుబాటుదారులు అంతవరకు పడ్డ పాట్లన్నీ వెలవెలపోయాయి. భారతంలో కర్ణుడి రథచక్రం కుంగితే మనం ఎందుకని అడగం. శాపం సంగతి ముందే విన్నాం కనుక. విత్తనం ముందు నాటి ఉంటేనే పంట మీద నమ్మకం.

తరువాత 1984 అక్టోబరు నుంచి 1985 మార్చి దాకా వారం వారం 19 భాగాలు వచ్చాయి. ఇక్కడ దెబ్బతిన్నది పాత్రలు. నిబ్బరంగా మాట్లాడుతూనే భయపెట్టిన శాస్త్రవేత్త డయానా, లిడియా అనే తోటి అధికారిణితో అంతఃపుర కలహాల్లో పడిపోయింది. శత్రువు నౌకలోకి వెళ్ళి రావడం సంతకు వెళ్ళి వచ్చినంత సులువైంది. భయం పోయాక ఇంకేం మిగులుతుంది? కథ ముగియకుండానే ధారావాహిక ఆగిపోయింది.

శ్రోతలారా, ఈసారి ఏ సీరియల్ చూసినా మూడు ప్రశ్నలు వేసుకోండి. వీళ్ళు వచ్చిన కారణం నిలుస్తుందా? చిక్కు విడిపోయే దారి ముందే సూచించారా? ఈ మనిషి నిజంగా ఇలా చేస్తాడా?

మూడోదే ముఖ్యం. సరిహద్దు ఊళ్ళలో రెండు భాషల మధ్య బతికేవాళ్ళం మనం. ఏదైనా గొడవ రేగితే నిన్నటి పక్కింటివాళ్ళే "వాళ్ళు" అయిపోవడం మనకు తెలియనిది కాదు. బల్లి ముఖాలను పిల్లలు నాలుగు రోజుల్లో మరచిపోతారు. డేనియల్‌ను మాత్రం మరచిపోకుండా చూసుకోవలసింది మనమే. సెలవు.