పాతరూపము, క్రొత్తబండి

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పిరి. ఈ దినములలో దానికి ‘బండి కొని చూడు’ అను మాటను గూడ చేర్పవచ్చునని మాకు తోచుచున్నది. 2025 సంవత్సరపు దసరా పండుగకు మా యింటికి ఒక మోటారుసైకిలు వచ్చినది. దాని పేరు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. చూచుటకు డెబ్బది యేండ్లనాటి బండివలె నుండును; లోపలి యంత్రము మాత్రము నేటిది. మొదటి రెండుమాసములలో దానిని మావారు నడిపిరి, మేము వెనుక కూర్చుంటిమి, కడపట మేమును నడుప నేర్చుకొన నారంభించితిమి. ఈ స్వల్పానుభవమును సోదరీమణులకు నివేదింపదలచితిమి. ఇట్టి బండ్లను గూర్చి వ్రాయువారు, మాకు కనబడినంతవరకు, ముందు కూర్చుండువారే. వెనుక కూర్చుండువారికి గూడ చెప్పవలసిన మాట కొంత కలదు.

మా కాపురము హైదరాబాదు పాతబస్తీలోని గౌలిపురలో. లాల్‌దర్వాజా, సుల్తాన్‌షాహీ, శాలిబండ మాకు ఇరుగుపొరుగు పేటలు. మా మామగారికి వెనుక ఒక బులెట్టు బండి యుండెడిది. వారు కాలము చేసిన పిమ్మట అది అమ్ముడుపోయినది. చిన్నతనమున ఆ బండి టాంకిపై కూర్చుండి చార్మినారు చూడబోయిన జ్ఞాపకము మావారి మనసునుండి పోలేదు. అందుచేతనే ఇన్ని బండ్లుండగా దీనిపైనే దృష్టి నిలిచినది. అంతలో 2025 సెప్టెంబరు 22వ తేదినుండి, 350 సి.సి. వరకు గల మోటారుసైకిళ్ళపై వస్తుసేవల పన్నును నూటికి 28 నుండి 18కి తగ్గించిరి. కావలసినవానికి సాకు దొరకుట యెంతసేపు? దసరానాడు చక్రముల క్రింద నిమ్మకాయలు త్రొక్కించి, కొబ్బరికాయ కొట్టి, బండిని ఇంటికి తెచ్చితిమి.

ఈ రూపమునకు పెద్ద చరిత్రయే కలదు. ఇంగ్లండు దేశమున రెడ్డిచ్ అను ఊరిలో ఈ కంపెనీవారు తమ తొలి మోటారుసైకిలును 1901లో చేసిరి. ‘బులెట్’ అను పేరు 1932లో వచ్చినది. 1955లో మద్రాసు మోటార్సు అను సంస్థతో కలిసి మన దేశమున ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించిరి. మద్రాసు చేరువనున్న తిరువొత్తియూరులో కర్మాగారము వెలసినది. కొంతకాలమునకు ఇంగ్లండులోని సంస్థ మూతపడెను గాని మద్రాసులోనిది నిలిచెను. 1994లో అది ఐషర్ వారి చేతికి వచ్చినది. 2009లో క్లాసిక్ అను నమూనా వెలువడినది. 2021 సెప్టెంబరులో దానికే క్రొత్త ఇంజను అమర్చిరి. పుట్టినిల్లు చితికిపోయినను మెట్టినింట వర్ధిల్లిన ఆడపడుచు కథవలె నున్నది కదా!

ఇంతకు ఇందు పాత యేది, క్రొత్త యేది? గుండ్రని దీపము, దానికిరువైపుల పులికన్నులవంటి చిన్నదీపములు, నీటిబొట్టు ఆకారముగల టాంకి, మెరయు సైలెన్సరు, ఇవన్నియు పాతవాటి పోలికలు. లోపల మాత్రము మార్పు చాల జరిగినది. పాతబండిని లేపుట ఒక వ్రతమువంటిది. ముందు చిన్నమీటను పట్టి సిలిండరులోని ఒత్తిడిని వదలవలెను. మీటరులోని ముల్లు నడుమకు వచ్చువరకు కిక్కును మెల్లగా త్రొక్కవలెను. అటుపిమ్మట బలము కొలది తన్నవలెను. లెక్క తప్పినచో కిక్కు తిరుగదన్ని కాలికి దెబ్బ తగిలెడిది. మామగారు మూడవమారు తన్నునప్పటికి తాము పొయ్యిమీది చాయను దించెడివారమని మా అత్తగారు చెప్పుదురు. క్రొత్తబండికి కిక్కే లేదు. మీట నొక్కిన చాలును. పెట్రోలును గాలితో కలుపు కార్బురేటరు పోయి, యంత్రమే లెక్క చూచుకొని పెట్రోలును చిమ్ము ఏర్పాటు వచ్చినది. ఇంజను లోపల అదురును తగ్గించు ఇరుసొకటి అమర్చినందున వెనుక కూర్చున్నవారికి నడుము పట్టుకొనదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రము బిగుసుకొనిపోయి జారకుండ కాపాడు ఎ.బి.ఎస్. అను సాధనము గూడ కలదు.

పాతబులెట్లలో గేరు కుడికాలి క్రిందను, బ్రేకు ఎడమకాలి క్రిందను నుండెడివి. ఇప్పుడు తక్కినబండ్లవలె తారుమారైనవి. మా సందులోని వృద్ధుడైన మెకానికు ఒకరు ముచ్చటపడి బండినెక్కి, బ్రేకనుకొని గేరును త్రొక్కి, తానే నవ్వుకొని దిగిపోయిరి. పాత ఇత్తడిబిందె అచ్చులో స్టీలుబిందె చేసినట్లున్నదని మేమనుకొంటిమి. అచ్చును చూచి మురియుట తప్పుకాదు. నీరు మోయునది మాత్రము లోహమని మరువరాదు.

ఇక మా సందులలో దీని నడక. బండి బరువు 195 కిలోలు. పాతిక కిలోల బియ్యపుసంచులు ఎనిమిదింటికి కొంచెము తక్కువ. కదలుచున్నంతసేపు ఆ బరువు తెలియదు, నిలిచినప్పుడే తెలియును. మా గుమ్మము ముందు సందు వెడల్పు అంతంతమాత్రమే గనుక, తెల్లవారి త్రిప్పుకొనుట కష్టమని రాత్రియే ముఖము బయటికి పెట్టి నిలుపుచుంటిమి. గౌలిపుర నుండి శాలిబండ మీదుగా చార్మినారువైపు పోవునప్పుడు ఆటోలు, తోపుడుబండ్లు, పాదచారులు ఒకరి వెనుక నొకరు తగులుదురు. అచ్చట ఈ ఇంజను గుణము కనబడును. మెల్లగా పోవునప్పుడు సైతము బలము చాలినంత యుండుటచే మాటిమాటికి గేరు మార్చుకొన నక్కరలేదు. నిలిచినచోట మాత్రము ఇంజను వేడి కుడికాలి పిక్కకు తగులును. సైలెన్సరు కుడివైపున నున్నది గనుక, ఎడమవైపునకు కాళ్ళు వ్రేలవేసి కూర్చుండు స్త్రీలకు ఆ బాధ లేదు. పిల్లలను ఎక్కించునప్పుడు, దించునప్పుడు మాత్రము ఎడమవైపునుండియే చేయుట మేలు. పట్టణములో మా లెక్కకు లీటరు పెట్రోలుకు 34 కిలోమీటర్లు వచ్చినవి.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదము. బండితోపాటు వెనుకచక్రమునకు ఎడమప్రక్క ఇనుపకమ్ములతో చేసిన అడ్డు నొకటి ఇత్తురు. దానిని సారీగార్డు అందురు. మా పేటలో జాలీ యందురు. బండి అప్పగించుచోట ఒక చిన్నవాడు, “దీనిని తీసివేసినచో పాతబండి అందము బయటపడును సార్” అని మావారికి చెప్పెను. చూడగా నిజమే యనిపించినది. మేమును తల యూపితిమి. ఆ తప్పు మాది గూడ నని ఒప్పుకొనుచున్నాము. జాలీ విప్పబడి, కాగితము చుట్టబడి, మా యింటి మంచము క్రిందికి చేరినది.

తొమ్మిదవనాడు సాయంకాలము, ఒక పేరంటమునకై పట్టుచీర కట్టి, ప్రక్కకు కూర్చుండి శాలిబండ దిగుచుంటిమి. రోడ్డుప్రక్కన పండ్లబండివాడొకడు హఠాత్తుగా చేతులెత్తి, “అమ్మా! పల్లూ, పల్లూ!” అని కేక వేసెను. మావారు బ్రేకు వేయునప్పటికే భుజము వెనుకకు లాగినట్లయినది. కొంగు చివర చక్రపు చువ్వలలో రెండుచుట్లు తిరిగియున్నది. బండి మెల్లగా పోవుచుండుటచే జానెడు బట్ట చినిగి ప్రాణము దక్కినది. ఆ పండ్లవాడు, మరి యిద్దరు కలిసి చక్రమును వెనుకకు త్రిప్పి కొంగును విడదీసిరి. వారికి నమస్కరించితిమి గాని నోట మాట రాలేదు. చీర పోయినందుకు కాదు. వేగము ఇంకొంచెమున్నచో ఏమయ్యెడిదో యన్న తలంపు ఆ రాత్రి నిద్ర పట్టనీయలేదు.

ఇంటికి వచ్చి చెప్పగా మా అత్తగారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట తమ ఎడమమోచేతిమీది పాతమచ్చను చూపిరి. అది రోటికాడ తగిలినదని ఇన్నాళ్ళు మేమనుకొనుచుంటిమి. మామగారి బులెట్టుమీద పోవుచుండగా కొంగు చిక్కుకొని పడినప్పటిదట. అటుపిమ్మట ఆమె ఆ బండి ఎక్కలేదు. ఎందుకెక్కలేదో కొడుకునకు గూడ చెప్పలేదు. “అప్పట్ల గా జాలీ లేకుండె బిడ్డా. ఇప్పుడు ఇచ్చినదాన్ని మీరే ఇప్పి మూలకు పెట్టిండ్రు” అనిరి. ఆ మాటకు మావారు లేచి, ఆ రాత్రియే మంచము క్రింది జాలీని తీసి, మరునాడు దుకాణము తెరవగానే బిగింపించిరి.

సోదరీమణులారా, ఈ జాలీ అలంకారము కాదు, దయాదానము కాదు; చట్టము. కేంద్ర మోటారు వాహనముల నియమావళి, 1989లోని 123వ నియమము ప్రకారము, వెనుక మనిషి కూర్చుండు మోటారుసైకిలునకు పట్టుకొనుటకు పిడియు, కాలు మోపుటకు మెట్టును, వెనుకచక్రమునకు సగమునకు తక్కువ కాకుండ అడ్డును ఉండవలెను. కూర్చున్నవారి బట్టలు చక్రమున చిక్కుకొనకుండుటకే ఆ అడ్డని నియమములోనే స్పష్టముగా వ్రాసియున్నారు. వెనుకటి కాలపు రూపమును తిరిగి తెచ్చుకొనవచ్చును. వెనుకటి కాలపు అపాయమును గూడ తిరిగి తెచ్చుకొన నేల?

హెల్మెట్టు సంగతియు నట్టిదే. వెనుక కూర్చున్నవారికి గూడ అది విధి. ఐ.ఎస్.ఐ. ముద్ర యున్నదే కొనవలెను. ఎత్తుగా కొప్పు ముడిచినచో హెల్మెట్టు తలపై సరిగా కూర్చుండక పైకి తేలును. అట్టిది పెట్టుకొనియు పెట్టుకొననట్లే. మెడ మీదికి జారునట్లు జడ వేసికొని పెట్టుకొన్నచో చక్కగా అమరును. దుకాణములో గూడ ఆ జడతోనే కొలత చూచుకొనవలెను. కొంగును ముందుకు తెచ్చి నడుమున దోపుకొనిన పిదపనే బండి ఎక్కవలెను. జాలీ ఉన్నదిగదా యని దీనిని మానరాదు.

ఆ శాలిబండ సాయంకాలమే మాకు బండి నేర్చుకొనవలెనను పట్టుదల కలిగించినది. మాకు గేరులేని స్కూటరు లైసెన్సు కలదు. అది దీనికి చెల్లదు. గేరుగల మోటారుసైకిలునకు వేరుగా లర్నరు లైసెన్సు తీసికొంటిమి. అది ఆరుమాసములు చెల్లును. ముప్పది దినములు గడచిన తరువాత పరీక్షకు పోవచ్చును. తెల్లవారుజామున, ఖాళీ మైదానమున, సల్వారు కమీజు ధరించి, దుపట్టా ఇంటనే విడిచి నేర్చుకొన మొదలుపెట్టితిమి. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. పొట్టివారమైనను మునివేళ్ళు నేలకానును. మొదటివారము బరువును చూచి భయపడితిమి. బండిని ఎత్తుట బలముతో పనికాదు, ఒరగకముందే నిలుపుట నేర్పుతో పనియని రెండవవారమున తెలిసినది. నిలుపునప్పుడు చేతిబండి తిన్నగా నుండవలెను. ముందుబ్రేకు వంపులో పట్టరాదు. ఈ రెండుమాటలు పదిదినముల భయమును తీర్చినవి.

ఆడువారికి ఇంత బండి యేల యని అడుగువారు మా సందులోను కలరు. వారికి మేము కథలు చెప్పుచుంటిమి. థెరీసా వాలాక్, ఫ్లారెన్స్ బ్లెంకిరన్ అను ఇద్దరు స్త్రీలు 1934 డిసెంబరులో లండను నుండి మోటారుసైకిలుపై బయలుదేరి, సహారా ఎడారి దాటి, 1935లో ఆఫ్రికా కొసనున్న కేప్‌టౌను చేరిరి. అంతదూరమేల? మన హైదరాబాదునుండి జై భారతిగారు మరి ముగ్గురు స్త్రీలతో 2018లో బయలుదేరి మోటారుసైకిళ్ళపై ఆగ్నేయాసియా దేశములు తిరిగి వచ్చిరి. అటుపిమ్మట ఆమె స్త్రీలకు బండి నడుపుట నేర్పు ‘మోవో’ అను సంస్థను నడుపుచున్నారు. మేము అంతదూరము పోబోము. గౌలిపురనుండి కూరగాయల అంగడికి, పిల్లల బడికి, వైద్యుని యింటికి ఎవరిని బ్రతిమాలకుండ పోగలిగిన చాలును.

కడపట మా అభిప్రాయము. బండి మంచిది, నెమ్మదస్తులకు తగినది, ఇరుకుసందువారు బరువును తలచుకొని మరి కొనవలెను. మొదటి 500 కిలోమీటర్లకు చేయించు సర్వీసు తప్పరాదు. కాని కొనుటకు మున్ను ఇంటి యిల్లాలు దుకాణమునకు పోయి, తాను నిత్యము కట్టు బట్టలతోనే వెనుక సీటుపై కూర్చుండి చూడవలెను. జాలీ యున్నదా? కాలు మెట్టుకు అందుచున్నదా? పట్టుకొనుటకు పిడి చిక్కుచున్నదా? ఈ మూడింటికి సమాధానము సరిగా వచ్చిన తరువాతనే రంగును గూర్చి మాటాడుట మంచిది.

మొన్న శుక్రవారము మా అత్తగారు తాముగా బయటికి వచ్చి, జాలీని చేతితో పట్టి రెండుమార్లు ఊపి చూచిరి. కదలలేదు. కొంగును నడుమున బిగించి, హెల్మెట్టు పెట్టుకొని, కొడుకు వెనుక కూర్చుండి లాల్‌దర్వాజా అమ్మవారి గుడికి పోయి వచ్చిరి. తిరిగి వచ్చి, బండి యెట్లున్నదని మేమడుగగా, “సప్పుడు తక్కువుంది” అని మాత్రమనిరి. వచ్చు శుక్రవారము మాతో వత్తురట. అప్పటికి మాకు లైసెన్సు రావలెను.