‘శ్రీ’ని విరగ్గొట్టే పాఠాలు: వెబ్ యానిమేషన్ చదువుపై అపోహలు

శ్రీరాంపూర్, నస్పూర్ బొగ్గుగని కాలనీల్లోనైనా, గోదావరి దాటి గోదావరిఖనిలోనైనా, వెబ్ యానిమేషన్ నేర్చుకుందామనుకునే వాళ్లు ముందుగా అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని. సాఫ్ట్‌వేర్ వస్తే యానిమేషన్ వచ్చినట్టేనన్న అపోహ ఆ ప్రశ్నలోనే ఉంది. దీనికి ఫ్లాష్ కథ ఒక్కటి చాలు. 1996లో మాక్రోమీడియా చేతికి వచ్చి, 2005లో అడోబీ పరమైన ఆ సాఫ్ట్‌వేర్, వెబ్‌లో బొమ్మ కదిలిందంటే తన వల్లేనన్నంతగా ఏలింది. దాన్ని ఐఫోన్‌లోకి ఎందుకు రానివ్వడం లేదో 2010లో స్టీవ్ జాబ్స్ బహిరంగంగానే రాశాడు. 2017లో అడోబీ తానే ముగింపు ప్రకటించింది. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు నూకలు చెల్లాయి. మెనూలు బట్టీ పట్టినవాళ్ల చదువు దానితోపాటే పోయింది. కదలిక ఎప్పుడు మొదలవ్వాలో, ఎంతసేపు సాగాలో, ఎలా ఆగాలో తెలిసినవాళ్లు మాత్రం అదే విద్యను సీఎస్ఎస్‌లోకి, ఎస్‌వీజీలోకి, జావాస్క్రిప్ట్‌లోకి తెచ్చుకున్నారు. ఇవాళ విరివిగా వాడే జీఎస్ఏపీ లైబ్రరీ కూడా ఫ్లాష్ కాలంలో యాక్షన్‌స్క్రిప్ట్‌లో పుట్టి, తర్వాత జావాస్క్రిప్ట్‌కు మారినదే.

కాబట్టి ఒక పుస్తకాన్నో, వీడియో కోర్సునో ఎంచేటప్పుడు అది ఏ బటన్ ఎక్కడుందో చెబుతోందా, కాలాన్ని ఎలా పంచాలో చెబుతోందా అన్నది చూడాలి. బొగ్గుగని ఇంక్లైన్‌లో, అంటే ఏటవాలు దారిలో, హాలేజీ తాడు బొగ్గు టబ్బులను లాగే తీరు తెలిసిన ఊరికి ఇది కొత్త సంగతేమీ కాదు. ఒక్కసారిగా వేగం ఇస్తే కప్లింగ్ మీద కుదుపు పడుతుంది. అందుకే మెల్లగా కదిలించి, వేగం పుంజుకోనిచ్చి, ఆపే ముందు తగ్గిస్తారు. సీఎస్ఎస్‌లో ఈజింగ్ అనేది ఇదే. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తెచ్చిన పుస్తకంలోని పన్నెండు సూత్రాల్లో ఇదీ ఒకటి. ఆ పుస్తకం కంప్యూటర్ గురించి కాదు, అయినా పాతబడలేదు. కీళ్ల దగ్గర విడివిడిగా కత్తిరించి కట్టిన మన తోలుబొమ్మకూ, తెరమీద రిగ్గింగ్ చేసిన, అంటే కదిలే కీళ్లు అమర్చిన, బొమ్మకూ ఉన్న చుట్టరికం గమనిస్తే సగం పాఠం అక్కడే అయిపోతుంది. ఎయిర్‌బీఎన్‌బీ 2017లో విడుదల చేసిన యానిమేషన్ లైబ్రరీ లాటీకి ఆ పేరు వచ్చింది కూడా నల్లకాగితం కత్తిరించి బొమ్మలాడించిన జర్మన్ కళాకారిణి లాటే రైనిగర్ నుంచే.

ఫీజు ఎంత ఎక్కువైతే కోర్సు అంత మంచిదన్నది మరో నమ్మకం. బ్రౌజర్ యానిమేషన్‌కు నమ్మదగిన ఆధారం ఎండీఎన్ అనే వెబ్ డాక్యుమెంటేషన్ సైటు, అది ఉచితం. బ్లెండర్, ఇంక్‌స్కేప్, సిన్‌ఫిగ్ ఉచితం. జీఎస్ఏపీ కూడా 2025 నుంచి పూర్తిగా ఉచితమే. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్‌లో బ్లెండర్, ఇంక్‌స్కేప్ లాంటి ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ల మీద చిన్నచిన్న పాఠాలున్నాయి, తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లోకి ఆ ప్రాజెక్టు పాఠాలను మారుస్తోంది. ఉచిత పాఠంలో తప్పు దిద్దేవారు ఉండరు కదా అనే అభ్యంతరం ఉంది. అది చాలా బలమైనది, కొట్టిపారేయలేం. గనిపని నేర్పడంలోనూ ఇదే సూత్రం: 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాలు కొత్త కార్మికుణ్ణి తరగతి గదిలో కూర్చోబెట్టి వదిలేయవు, పని చేయించి నేర్పమంటాయి. వీడియోలు వరసగా చూసేసి వచ్చేసిందనుకోవడం, బాయి దిగకుండానే బొగ్గు తీశామనుకోవడం లాంటిది. అయితే ఈ అభ్యంతరం ఫీజును సమర్థించదు, దిద్దే మనిషిని సమర్థిస్తుంది. డబ్బు కట్టేవారు సర్టిఫికెట్ రంగు చూడకుండా, వారానికి ఎన్ని పనులు తీసుకుని దిద్దుతారో అడగాలి. ఇంటర్వ్యూ దాకా వెళ్లడానికి సర్టిఫికెట్ అక్కరకు రావచ్చు. అక్కడ చూపించాల్సింది మాత్రం పనిచేసే లింకు. ఆ లింకును చౌక ఫోన్‌లో తెరిస్తే కోర్సు నాణ్యతా బయటపడుతుంది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లే. వెడల్పును, స్థానాన్ని నేరుగా మార్చే పద్ధతిలో బ్రౌజర్ పేజీ అమరికను మళ్లీ మళ్లీ లెక్కగట్టాలి. ట్రాన్స్‌ఫార్మ్, ఒపాసిటీలతో సాధారణంగా ఆ భారం ఉండదు. ఈ తేడా ఊసెత్తని కోర్సు ఎంత ఖరీదైనదైనా పక్కన పెట్టవచ్చు.

ఇంగ్లీషు పాఠాలే సంపూర్ణమనే అపోహ మాత్రం మన అక్షరాల దగ్గరే తేలిపోతుంది. శీర్షికలోని అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చి కూర్చునే ఎఫెక్ట్ నేర్పే పాఠాలు చాలావరకు మాటను గుర్తులుగా విడగొట్టి, ఒక్కోదాన్ని కదిలించమంటాయి. రోమన్ లిపికి ఇది సరిపోతుంది. అదే కోడ్‌కు ‘శ్రీరాంపూర్’ ఇస్తే మొదటి అక్షరం దగ్గరే బండి ఆగుతుంది. మన కంటికి ‘శ్రీ’ ఒకటే అక్షరం. యూనికోడ్‌లో అది శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు గుర్తులు. వాటిని విడదీస్తే రావత్తు ఊడి, గుడిదీర్ఘం చుక్కల వలయం మీద వేలాడుతుంది. మాట మొత్తాన్ని ఒకేసారి కదిలించడం క్షేమం. అక్షరాలుగానే కావాలంటే మాటను అక్షరాల హద్దుల దగ్గర విడగొట్టే, బ్రౌజర్‌లోని ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) వాడి, పాత బ్రౌజర్‌లోనూ కొత్తదానిలోనూ ‘శ్రీ’ విరగకుండా వస్తోందో లేదో చూసుకోవాలి. కోర్సులో చేరకముందే, అక్కడి డెమోలో ఊరి పేరు తెలుగులో టైప్ చేసి చూపించమనడానికి అరనిమిషం చాలు.