ఉదజని సోకిన ఉక్కు

ఓరుగల్లునుండి హైదరాబాదునకు పోవు త్రోవలో, జనగామ చేరువనున్న పెంబర్తియందు, శిల్పి సుత్తిదెబ్బలకు ఇత్తడిరేకు చిట్లక, లతలై పక్షులై ఉబ్బి వచ్చుట చూచినవారికి, వంగి ఒదుగుటయే లోహమునకు ప్రాణమని తోచును. ఆ ప్రాణమును హరించుటకు మూలద్రవ్యములలోకెల్ల తేలికయైన ఉదజని, అనగా హైడ్రోజన్, చాలునని 1875 లో డబ్ల్యు. హెచ్. జాన్సన్ అను ఆంగ్లేయుడు లండను రాయల్ సొసైటీవారికి తెలియజేసెను. చక్కగా వంగుచుండిన ఇనుపముక్క, కొద్ది నిమిషములు ఆమ్లములో ముంచి తీసి వంచబోగా పుటుక్కున విఱిగెను. విఱిగినచోట తడి తగిలించినంతనే బుడగలు బుసబుస పొంగెను. ఆశ్చర్యమేమన, అట్టి ఇనుమే కొన్నాళ్లు ఊరక పడియున్నచో మరల వంగసాగెను.

ఉదజని అణువు ఇనుములోనికి దూఱలేదు. శుభ్రమైన లోహతలము తాకి రెండు పరమాణువులుగా విడివడిన పిదప మాత్రము ఇనుప పరమాణువుల సందులలోనుండి జాఱిపోయి, ఒత్తిడి మిక్కుటముగానుండు బీటల మొనలవద్ద గుమిగూడి, అచటి బంధములను సడలించును. వాయుపీడనము నాలుగింతలైనచో చొచ్చు ఉదజని రెండింతలగును. కనుకనే ఉదజనిని మండించు రాకెట్టు ఇంజనులో ఈ చిక్కు ముదురుచున్నది. తొట్టిలో -253 డిగ్రీల చలియందు ద్రవమైయున్న ఉదజని ఇంచుమించు నిరపాయకరము, ఆ చలిలో పరమాణువులు కదలనేరవు; పంపు దాటి, వేడెక్కి, వందల వాతావరణముల పీడనముతో ప్రవహించునపుడే కీడు. అమెరికావారి స్పేస్ షటిల్ ఇంజనులో, వేడికి తాళునని ఎన్నుకొనిన నికెల్ మిశ్రలోహములే ఉదజనికి లొంగుచుండుటచే, కొన్ని భాగములకు రాగిపూతయు బంగారుపూతయు పూయవలసి వచ్చెను.

నాకు మిక్కిలి వింతగా తోచునది ఇది: ఉక్కు ఎంత గట్టిదో అంత త్వరగా పెళుసెక్కును, మెత్తని రాగి నిలుచును. ఇట్టి ఇంజనుల దహనపాత్ర లోపలిగోడకు రాగి మిశ్రలోహము వాడుట ప్రధానముగా వేడిని త్వరగా లాగివేయుటకే యైనను, ఈ గుణమును కలిసివచ్చినది. ఆ రాగిలో ఆమ్లజని, అనగా ఆక్సిజన్, శేషమున్నచో మాత్రము, వేడి ఉదజని దానితో కూడి లోలోపల నీటియావిరియై, వెలికి దారిలేక రాగిని చీల్చును.

హైదరాబాదు కంచన్‌బాగులో 1973 లో స్థాపితమైన మిధాని అను లోహసంస్థ అంతరిక్షమునకై మిశ్రలోహములు చేయుచున్నది. 2014 జనవరి 5 న శ్రీహరికోటనుండి జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు, ద్రవ ఉదజనిని మండించు మన దేశపు క్రయోజనిక్ ఇంజనుతో తొలిసారి జయప్రదముగా ఎగసెను. ఈ రంగమున చిన్న బోల్టునైనను ఉపేక్షింపరాదు. లోహపుపూత వేయు తొట్టిలో ఉదజనిని పీల్చుకొని వచ్చిన గట్టి ఉక్కుబోల్టును, బిగించుటకు ముందే, సుమారు 200 డిగ్రీల కొలిమిలో గంటలతరబడి కాచి, లోని ఉదజనిని వెడలగొట్టుదురు. జాన్సను ఇనుము కొన్నాళ్లలో తనంతట విడిచినదానిని ఆ బోల్టు కొలిమిలో గంటలలోనే విడుచును.