చెవిలో సూది గ్రుచ్చిన త్రాగుడు మానునా?

మన తోటల సంఘములలో నొక తల్లి, బడి పిల్లవానిచేత వ్రాయించి పంపిన జాబు గడచిన మాసమున నాకు చేరినది. ఆమె పెద్ద కుమారునికి ముప్పది యేండ్లు. మొదట సాయంకాలపు కల్లుతో తృప్తిపడినవాడే. ఇప్పుడు తెల్లవారగానే సంసు సారాయి గొంతు దిగనిదే చేతుల వణకు నిలువదట. ఇట్లుండగా పట్నమునుండి సూదుల వైద్యుడొకడు వచ్చి, పది దినములు చెవులకు సూదులు గ్రుచ్చినయెడల త్రాగుడును వేరుతో పెరికివేయుదునని చెప్పి, సొమ్ము ముందుగానే యడిగినాడు. ఆమెయొద్ద మిగిలినవి రెండు బంగారు గాజులు. "అమ్మాయీ, నీవున్న దేశములో దొరలు సైతము ఈ సూదులు వేయించుకొందురని విన్నాము. గాజులు కుదువ పెట్టవచ్చునా, కూడదా? నిజము వ్రాయుము" అని యామె యడిగినది. ఇట్టి ప్రశ్న మనలో ననేక గృహములలో నుండును గనుక, ఆమె సెలవు పుచ్చుకొని ఈ పత్రిక మూలముగానే ప్రత్యుత్తరము వ్రాయుచున్నాను.

నేనిప్పుడు నర్సుపనిలో కాపురమున్నది ఐర్లండు దేశములోని పోర్ట్‌లీష్ అను పట్టణమున. డబ్లిన్ నగరమునకు నైరుతి దిక్కున, రైలుదారిమీద నున్న లీష్ మండలమునకు ఇది ముఖ్యపట్టణము. ఈ యూరిని గూర్చిన సంగతి యొకటి మనవారికి వింతగా తోచును. ఇదియు నొక 'ప్లాంటేషను' వలన పెరిగిన యూరే. అయితే ఇచ్చట నాటినవి రబ్బరు మొక్కలు గావు, మనుష్యులు. ఇంగ్లాండు రాణియైన మేరీ కాలమున, 1556లో, ఈ సీమవారి భూములను లాగుకొని ఇంగ్లీషు కాపురస్థులను తెచ్చి నిలుపుటకు పూనిరి. ఆ పనికి ప్లాంటేషనని పేరు. ఊరికిని ఆ రాణి పేరిట మేరీబరో యని పేరుండెను. 1929లో గాని ఐరిషు పేరు నిలువలేదు. ఇచ్చట 1830 నాటి కారాగృహ మొకటియు, దాని ప్రక్కనే 2000లో తెరచిన మరియొకటియు నున్నవి. చెరసాలలున్న యూరిలో మత్తుచేత చెడినవారి కథలు వినబడక మానవు.

ఐర్లండులో వ్యసనపరులకు సాయపడు కొన్ని స్థలములలో ఇతర చికిత్సలతోపాటు చెవి సూదులును వేయుదురు. అట్టి కూటమున నేనొక సాయంకాలము కూర్చుంటిని. గోడవెంబడి కుర్చీలు వేసియుండెను. స్త్రీలు పురుషులు పదిమంది కోటులు తీయకయే కూర్చుండిరి. వైద్యురాలు ఒక్కొక్కరి చెవులను దూదితో తుడిచి, ఒక్కొక్క చెవికి అయిదేసి సూదులు గ్రుచ్చెను. అవి మన కుట్టు సూదులవంటివి గావు. సన్ననివి, పొట్టివి, చర్మములో కొంచెమే దిగును. చీనా వైద్యుల లెక్కచొప్పున ఆ అయిదు తావులలో నొకటి ఆత్మద్వారము, ఒకటి నరములకు సంబంధించినది, తక్కినవి మూత్రపిండమునకు, కాలేయమునకు, ఊపిరితిత్తులకు చెందినవి. గ్రుచ్చిన పిమ్మట ముప్పావు గంట ఎవరును మాటలాడలేదు. ఎవనిని ఎవడును నీ వెందుకు త్రాగితివని యడుగలేదు. ఒకడు గురకపెట్టెను. చివరకు సూదులు తీసి, రక్తపు చుక్క యున్నచోట దూది యద్ది, వాడిన సూదులను గట్టి డబ్బాలో పడవేసిరి. ఒక సూదిని ఇద్దరికి వాడుట యిచ్చట లేదు. పిమ్మట మూలికల తేనీరు ఇచ్చిరి.

ఈ పద్ధతి ప్రాచీనమైనదని మీ సూదుల వైద్యుడు చెప్పియుండును. సూది వైద్యము ప్రాచీనమే. గాని మత్తు మాన్పుటకు దానిని వాడుట మనలో కొందరి వయస్సుకంటె పెద్దది గాదు. 1972లో హాంకాంగు నగరపు క్వాంగ్ వా ఆస్పత్రిలో వెన్ అను మెదడు శస్త్రవైద్యుడు, కోతకు ముందు నొప్పి తెలియకుండుటకై ఒక రోగికి సూదులు గ్రుచ్చి వాటికి కొంచెము విద్యుత్తు పెట్టెను. ఆ రోగి నల్లమందునకు అలవాటుపడినవాడు. మందు దొరకనప్పుడు కలుగు బాధ తనకిప్పుడు లేదని యతడు చెప్పగా వైద్యుడే యాశ్చర్యపడెను. మరుసటి యేట 40 మంది మత్తుమందు రోగుల సంగతి వెన్ ప్రకటించెను. హాంకాంగునకు ఆ నల్లమందు అలవాటు అంటించినవారిలో మన హిందూదేశమున నల్లమందు పండించి ఓడలకెత్తిన దొరతనమువారును కలరని ఇచ్చట జ్ఞాపకము చేయక తప్పదు.

అచ్చటనుండి ఈ విద్య అమెరికాకు పోయెను. న్యూయార్కులో బ్రాంక్సు అను బీదల పేటయందు లింకన్ ఆస్పత్రి కలదు. 1970లో ఆ పేటలోని నల్లవారును పోర్టోరికో వారును ఆ యాస్పత్రిలో చొచ్చి, మా బిడ్డలు హెరాయినుచేత చచ్చుచుండగా మీరేమి చేయుచున్నారని నిలదీసి, మత్తు మాన్పు విభాగమును తెరిపించిరి. కొన్ని సంవత్సరములలో అచ్చట సూదులు ప్రవేశించెను. మైకేల్ స్మిత్ అను మానసిక వైద్యుడు మొదలగువారు దానిని చెవిలోని అయిదు తావులకు కుదించి, సామాన్యులుకూడ నేర్చుకొనునట్లు చేసి, 1985లో దీనికై యొక సంఘమును స్థాపించిరి. నేను చూచిన కూటము ఆ పద్ధతిదే. కూలి జనుల పేటలో, అడిగి సాధించుకొన్న చికిత్స యిది. ఆ మాటను మనవారు గుర్తుంచుకొనుట మంచిది.

ఇక సూదులు పనిచేయునా? మన శరీరమే నల్లమందువంటి పదార్థములను స్వల్పముగా పుట్టించుకొనునని 1975లో స్కాట్లండు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. సూది గ్రుచ్చుటవలన అవి హెచ్చునని, అందుచేతనే బాధ తగ్గునని పలువురు తలంచిరి. 1989లో అమెరికాలో, పలుమారులు చికిత్సపొంది మరల పడిపోయిన 80 మంది త్రాగుబోతులపై నొక పరీక్ష జరిగెను. సరియైన తావులలో సూదులు పొందిన 40 మందిలో 21 మంది తుదవరకు నిలిచిరి. వేరు తావులలో పొందిన 40 మందిలో ఒక్కడే నిలిచెను. ఈ వార్త విని లోకము సంతోషించెను. గాని పెద్ద పరీక్షలు వచ్చినప్పుడు సంగతి మారినది. 2002లో కొకైను వ్యసనపరులు 620 మందిని పరీక్షింపగా, సరియైన సూదులకును, తప్పు తావుల సూదులకును, ఊరక విశ్రాంతిగా చిత్రములు చూచుటకును భేదమే కనబడలేదు. ఆ యేటనే త్రాగుబోతులు 503 మందిపై జరిగిన పరీక్షలోను సరియైన తావులకు విశేష ఫలమున్నట్లు తేలలేదు. అయినను వారిలో సుమారు సగముమంది, సూదులవలన త్రాగవలెనను కోరిక తగ్గినదని చెప్పిరి.

ఈ రెండు మాటలును నిజమే. సూది ఏ తావున దిగెనన్నది అంత ముఖ్యము గాదని పరీక్షలు చెప్పుచున్నవి. కూర్చున్నవారికి కొంత నెమ్మది కలిగినదని వారు చెప్పుచున్నారు. నా మట్టుకు నాకు తోచినది, ఆ ముప్పావు గంట నెమ్మదియే పనిచేయునది: తిట్లు లేవు, ప్రశ్నలు లేవు, తనవంటివారు ప్రక్కన నున్నారు, రేపుకూడ రమ్మని పిలుచువారున్నారు. ఇది ఐర్లండువారికి క్రొత్త గాదు. 1838లో కార్క్ నగరమున ఫాదర్ మాథ్యూ అను గురువు మద్యము ముట్టనని ప్రమాణము చేయించుట మొదలుపెట్టగా లక్షలకొలది జనులు ప్రమాణము చేసిరి. పిమ్మట మహా క్షామము వచ్చి, ఆ యూపు చల్లారెను. ఒక్కనాటి ప్రమాణము నిలుచుట కష్టము. 1946లో డబ్లినునందు, త్రాగుడు మానినవారే కూడుకొని యొకరికొకరు తోడగు ఆల్కహాలిక్స్ అనానిమస్ కూటము, ఐరోపా యంతటిలో మొదటిది, ఆరంభమాయెను. అది ప్రతి వారము కూడునది, రుసుము లేదు. ఇట్టి కూటములు మలయా దేశమునను, మన దేశమునను కలవు.

పెద్దమ్మా, ఇప్పుడు నీకు భయము కలుగు మాటను వ్రాయవలసియున్నది. పదునెనిమిది సంవత్సరముల క్రిందట నేను తోటలో పని నేర్చుకొను దినములలో, ఒక శనివారపు రాత్రి ప్రార్థన కూటమున, లైన్లలో కాపురమున్న యొకడు లేచి ఇక త్రాగనని ప్రమాణము చేసెను. నీ కుమారునివలెనే తెల్లవారుజామున త్రాగువాడు. మేమందరమును సంతోషించి, అతడు మరల దుకాణమునకు పోకుండ గదిలో నుంచి గొళ్ళెము పెట్టితిమి. తాళపుచెవి నా యొద్ద నుండెను. మొదటి దినము వణకెను; చెమటలు పోసెను. అది సైతాను విడిచిపోవు బాధయని మాలో నొకరనగా నేనును నమ్మితిని. రెండవ రాత్రి మూర్ఛ వచ్చెను. మూడవ దినము గోడమీద లేని పాములను చూపి కేకలు వేసెను. లారీమీద ఆస్పత్రికి తీసికొనిపోవుచుండగా దారిలో ప్రాణము పోయెను. అతని భార్య నన్నొక్క మాటయు ననలేదు.

చాలకాలము ప్రతిదినము మిక్కిలిగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల, మొదటి రెండు దినములలో మూర్ఛలును, మూడు నాలుగు దినములకు తిక్కజ్వరమును రావచ్చును, అవి చంపగలవు. 2020 మార్చి నెలలో రోగ భయముచేత మద్యపు దుకాణములు మూతపడినప్పుడు, హైదరాబాదు నగరపు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి ఇట్టి రోగులు గుంపులుగా వచ్చిరి. దీనికి మందు కలదు. ఆస్పత్రిలో నరములను నెమ్మదిపరచు బిళ్ళలను ఇచ్చి, దినదినము తగ్గించి, కొలది దినములలో మాన్పుదురు. దానితో బి-1 విటమినును ఇత్తురు. చెవి సూది ఈ మూర్ఛలను ఆపజాలదు. పోర్ట్‌లీష్ ఆస్పత్రిలోనైనను ఇట్టివానిని సూదులకు ముందు వైద్యునియొద్దకే పంపుదుము.

హెరాయిను మొదలగువాటికి అలవాటుపడినవారి సంగతి వేరు. వారిని మాన్పు బాధ సాధారణముగా చంపదు గాని, కొన్ని వారములు మాని మరల పూర్వపు మోతాదునే పుచ్చుకొన్నవాడు ఊపిరి ఆగి చచ్చును. సూదులతో పది దినములలో మాన్పి యింటికి పంపువారు ఈ మాట చెప్పరు. అట్టివారికి మెథడోను, బుప్రెనార్ఫిను అను మందులు చిరకాలము ఇచ్చుటవలన ప్రాణములు దక్కుచున్నవి.

మరియొక మాట. త్రాగిన వెంటనే వాంతియగునట్లు చేయు బిళ్ళను భర్తకు తెలియకుండ కూరలో కలుపు స్త్రీలు మనలో కలరు. 1948లో కోపెన్‌హేగెను వైద్యులు వెలుపరచిన మందది. రోగికి తెలిసి, వైద్యుని యెదుట పుచ్చుకొన్న ఉపయోగము. తెలియకుండ కలిపిన, పైన సారాయి పడినప్పుడు గుండె ఆగవచ్చును.

త్రాగుడు కూలివాని రక్తములోనే యున్నదని చెప్పు పెద్దమనుష్యులు నేటికిని కలరు. పూర్వము కల్లు దుకాణమును తోట సరిహద్దులోనే నిలిపినది కూలివాడు గాడు. 1941లో మలయాలోని క్లాంగు ప్రాంతపు తోటల కూలీలు సమ్మెకట్టినప్పుడు, కూలి హెచ్చింపుతోపాటు కల్లు దుకాణములను మూయుమనియు కోరిరి. నీ కుమారుడు సిగ్గుపడి దాగికొనవలసిన పని లేదని చెప్పుటకే ఇది వ్రాసితిని.

కనుక, పెద్దమ్మా, గాజులు చేతినే యుండనిమ్ము. వాని త్రాగుడును నీవే యొక్కసారిగా ఆపింపవద్దు, సీసాను పగులగొట్టవద్దు. ముందు తోట డ్రెస్సరుయొద్దకు, డ్రెస్సరు లేనియెడల జిల్లా ఆస్పత్రికి తీసికొనిపొమ్ము. ఎంత త్రాగుచున్నాడో, చివర ఎప్పుడు త్రాగెనో, పూర్వ మెప్పుడైన మూర్ఛ వచ్చెనో దాచక చెప్పుము. వణకు తగ్గి యింటికి వచ్చిన తరువాత కోరికను తగ్గించు మందులను గూర్చి వైద్యుని యడుగుము. అటుపిమ్మట ఎవరైన ఉచితముగా, ఒక్కొక్కరికి క్రొత్త సూదులతో, మాయమాటలు చెప్పక చెవి సూదులు వేయుదుమనినయెడల వేయించుకొననిమ్ము. అందువలన ఒక గంట నెమ్మదిగా కూర్చుండును. సూదులను మరుగు నీటిలో కడిగి మరల వాడువానిని గుమ్మమెక్కనీయకుము. కాలేయమును తినివేయు కామెర్ల రోగమును, ఎయిడ్సును ఆ దారిన వచ్చును.

ఆస్పత్రికి వాడు రానన్నయెడల నాకు వ్రాయుము. అచ్చట మన బోధకునికి నేను వేరుగా జాబు వ్రాసితిని; ఆదివారము ఆరాధన తరువాత ఆయన మీ యింటికి వచ్చి వానితో కూర్చుండును. ప్రమాణము చేయింపవద్దని ఆయనకు వ్రాసితిని.