అంగారకుడు తవ్వితే ఎర్రగా ఉండడు

అపోహ: అంగారకుడు పైనా లోపలా ఎరుపే.

వాస్తవం: ఎరుపంతా పైపూతే. రాళ్లలోని ఇనుము తుప్పుపట్టి, ధూళై గ్రహమంతా పరుచుకుంది. 2013 ఫిబ్రవరిలో గేల్ బిలంలో క్యూరియాసిటీ రోవర్ ‘జాన్ క్లైన్’ అని పేరుపెట్టిన రాతిలో తొలిసారి డ్రిల్లు దింపింది. చిటికెన వేలు పట్టేంత రంధ్రం, ఆరు సెంటీమీటర్ల పైచిలుకు లోతు. దాని చుట్టూ కుప్పపడిన పొడి ఎర్రగా లేదు, సిమెంటు రంగులో ఉంది. ఆ పొడిని రోవర్ తనలోని పరికరాల్లోనే పరీక్షిస్తే బంకమన్ను ఖనిజాలు బయటపడ్డాయి. నీళ్లు తగలనిదే అవి ఏర్పడవు. ఆ నీరు మరీ ఆమ్లమూ కాదు, మరీ ఉప్పనా కాదని కూడా ఆ పొడే చెప్పింది.

అపోహ: రోవర్‌ను భూమ్మీద కూర్చుని వీడియో గేములా నడుపుతారు.

వాస్తవం: సిగ్నల్ అక్కడికి చేరడానికే సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. గొయ్యి చూసి ఇక్కడ బ్రేకు నొక్కితే, అది అక్కడ పడేసరికి బండి గోతిలో ఉంటుంది. అందుకే ఏ రోజు పని ఆ రోజుకు ముందే రాసి పంపుతారు. దారిలో రాళ్లను తన కెమెరాలతో రోవరే చూసుకుని తప్పుకుంటుంది. పర్సెవరెన్స్ రోవర్ ఎంత వేగంగా వెళ్లినా గంటకు 150 మీటర్లే.

అపోహ: చక్రం పాడైతే ఆ యాత్ర దండగే.

వాస్తవం: 2004లో దిగిన స్పిరిట్ రోవర్‌కు నాసా అనుకున్న ఆయుష్షు 90 రోజులు. 2006లో దాని ముందు కుడి చక్రం తిరగడం మానేసింది. అప్పట్నుంచి ఆ చక్రాన్ని ఈడ్చుకుంటూ వెనక్కి వెనక్కి నడిచింది. ఆ ఈడ్పుకే మట్టి చాలులా గీసుకుపోయి, 2007లో ఒకచోట అడుగున తెల్లటి మట్టి కనిపించింది. పరీక్షిస్తే అందులో దాదాపు 90 శాతం సిలికా! భూమ్మీద అలాంటిది వేడినీటి బుగ్గల దగ్గరో, అగ్నిపర్వతపు ఆవిర్లు తగిలే చోటో ఏర్పడుతుంది. నన్నడిగితే రోవర్ల చరిత్రలో ఇంత లాభం తెచ్చిన రిపేరు మరోటి లేదు.

అపోహ: అంగారకుడిపై జీవం దొరికేసింది.

వాస్తవం: 2024 జులైలో ‘చెయావా ఫాల్స్’ రాతిపై పర్సెవరెన్స్‌కు చిరుతపులి మచ్చల్లాంటివి కనిపించాయి. అందులోని ఇనుప ఖనిజాలు సూక్ష్మజీవుల వల్ల రావచ్చు, అవి లేకుండానూ రావచ్చు. తేల్చాలంటే ఆ రాతి నమూనా ఇక్కడి ప్రయోగశాలలకు రావాలి. దాన్ని తెచ్చే వాహనం ఇంకా బయలుదేరనే లేదు.

అపోహ: మంగళయాన్ అక్కడ రోవర్‌ను దింపింది.

వాస్తవం: లేదు. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ కక్ష్యలో తిరిగిందంతే. మన రోవర్ ప్రజ్ఞాన్. 2023లో లేజర్‌తో మట్టిని పరీక్షించి గంధకం ఉందని తేల్చింది. అయితే అది దిగింది చంద్రుడి మీద.