ఏ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవాలి?



మా చెల్లెలు పెళ్ళయిన కొత్తలో ప్రోగ్రామరుగా పనిచేసింది. పిల్లవాడు పుట్టాక మానేసి, ఆరేళ్ళ తర్వాత 2022లో మళ్ళీ ఉద్యోగం చూసుకుందామనుకుంది. తనకు వచ్చినది ఆంగ్యులర్‌జెఎస్. గూగుల్ వారు 2010లో తెచ్చిన ఆ ఫ్రేమ్‌వర్క్‌ను, 2016లో వారే మొదలంటా తిరగరాసి ఆంగ్యులర్ అన్న పేరుతో ఇచ్చారు. పాతదానికి 2021 ఆఖరుతో మద్దతు ఆపేశారు. “అక్కా, నేను నేర్చుకున్నదంతా బూడిదలో పోసిన పన్నీరేనా?” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఈ బెంగ చాలామందికి ఉంటుంది గనుక ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను.

అసలు ఫ్రేమ్‌వర్క్ అంటే ఏమిటి? ఏ వెబ్‌సైటుకైనా లాగిన్ ఉండాలి, ఫారాలు ఉండాలి, వివరాలు డేటాబేసులో దాచాలి. ఇవన్నీ ప్రతిసారీ మొదటినుంచీ రాసుకోనక్కరలేకుండా ఒక పద్ధతిలో అమర్చిపెట్టేదే ఫ్రేమ్‌వర్క్. లైబ్రరీ వేరు. అది పిలిస్తే వచ్చి సాయంచేసి వెళ్ళే పొరుగింటి పిన్నిగారు. ఫ్రేమ్‌వర్క్ మాత్రం అత్తవారిల్లు! ఏది ఎక్కడ ఉండాలో, ఏ పని ఎప్పుడు జరగాలో ముందే నిర్ణయమై ఉంటుంది. మనం రాసిన కోడును తనకు అవసరమైనప్పుడు అదే పిలుస్తుంది. అందుకే మొదట్లో ఎవరికైనా ఊపిరాడనట్టుంటుంది.

మరి ఎంచుకోవడం ఎలా? ముందు మనకు వచ్చిన భాషేమిటో, చేయవలసిన పనేమిటో చూసుకోవాలి. పైథాన్ వచ్చినవారికి జాంగో ఉంది, ఫ్లాస్క్ ఉంది. జాంగో అమెరికాలోని కాన్సాస్‌లో ఒక దినపత్రిక ఆఫీసులో పుట్టింది. వార్తల సైట్లు గడువులోగా తయారుకావాలని రాసుకున్నదాన్ని 2005లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. లాగిన్, అడ్మిన్ పేజీలు అన్నీ దానితోనే వస్తాయి. 2010లో వచ్చిన ఫ్లాస్క్ చిన్నది. కావలసినవి మనమే తెచ్చి కలుపుకోవాలి.

ఆ తర్వాత దాని అధికారిక పాఠాలు ఒక పూట కూర్చుని చదవండి. అర్థమవుతున్నాయా? పాత వెర్షనుకు ఎన్నాళ్ళు మద్దతిస్తారో కూడా చూడండి. జాంగోలో ఎల్‌టీఎస్ అనే వెర్షన్లకు మూడేళ్ళ పాటు భద్రతా సవరణలు ఇస్తారు. మీరు చేరదలచిన కంపెనీల ప్రకటనల్లో ఏది అడుగుతున్నారో కూడా గమనించాలి సుమండీ.

ఇక నేర్చుకోవడం. మా చెల్లెలు మొదట ఒక శిక్షణ సంస్థలో చేరింది. నెలరోజుల్లో అయిదు ఫ్రేమ్‌వర్కులు చెప్పారట. ఒక్కటీ ఒంటబట్టలేదు. 2014లో బెర్లిన్‌లో ఇద్దరు పోలండ్ యువతులు జాంగో గర్ల్స్ పేరుతో ఆడవాళ్ళకు ఉచిత శిక్షణ మొదలుపెట్టారు. వాళ్ళ పద్ధతి చూడండి: ఒక చిన్న బ్లాగు తీసుకుని, మొదటినుంచి చివరిదాకా చేయిస్తారు. ఆ పాఠం ఇంటర్నెట్‌లో ఇప్పటికీ ఉచితమే. మీరూ అలాగే ఒకటి పట్టుకోండి. పాలలెక్కో, చీటీలెక్కో రాసే సైటు తయారుచేయండి. తప్పు వచ్చినప్పుడు ఆ ఎర్ర అక్షరాలు చూసి కంగారుపడకండి. వాటిని నిదానంగా చదవడమే సగం చదువు.

మా చెల్లెలు కొత్త ఆంగ్యులర్‌నే పట్టుకుంది. దానికి వాడే టైప్‌స్క్రిప్ట్, తనకు వచ్చిన జావాస్క్రిప్ట్ మీద కట్టినదే. టెంప్లేట్లు, సర్వీసులు అనే పాత ఆలోచనలు కొత్తదాంట్లోనూ ఉన్నాయి. నాలుగు నెలల్లో మా వీధివాళ్ళ చీటీలెక్క సైటు పూర్తిచేసి, ఇంటర్వ్యూలో అదే చూపించింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది.

ఫ్రేమ్‌వర్కులు వస్తాయి, పోతాయి. కింద ఉన్న భాష, డేటాబేసు, తప్పు వెతికి పట్టుకునే ఓపిక — ఇవి మనతోనే ఉంటాయి. కాబట్టి ఏది మంచిదా అని ఏడాది తిరిగేకంటే, పనికొచ్చేది ఒకటి ఎంచుకుని ఈ వారమే మొదలుపెట్టండి.

సెలవు.